ఈత కొలను పంపు మోత పెడుతూ ప్రెజరు నిలవకపోతే: మోటారు విప్పే ముందు వరుసగా చూడవలసినవి

ఈత కొలను పంపు ఉన్నట్టుండి మోత పెట్టడం మొదలై, అదే సమయంలో ఫిల్టరు మీది గేజి ముల్లు కిందికి జారితే, అందరి చూపూ ముందు మోటారు మీదికే పోతుంది. చప్పుడు అక్కడి నుంచే వినిపిస్తుంది కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ మోతా, ప్రెజరు తగ్గడమూ కలిసి వచ్చినప్పుడు తప్పు చాలావరకు మోటారులో ఉండదు. కొలను అంచు నుంచి పంపు నోటి దాకా నీరు నడిచి వచ్చే దారిలో ఉంటుంది. మా అపార్టుమెంటు సముదాయంలో కొలను బాధ్యత చూసిన రోజుల్లో ఈ సంగతి తెలియక ముందు బేరింగులు మార్పించాము, ఆ పైన మోటారునే మార్పించాము, కొత్త మోటారు కూడా మూడో రోజుకల్లా పాత పాటే అందుకుంది. చివరికి దొరికిన దోషం బ్యాలెన్సింగ్ ట్యాంకులో, అంటే కొలను అంచుల నుంచి పొర్లిన నీరు చేరే తొట్టిలో, ఇరుక్కుపోయిన ఒక ఫ్లోటు వాల్వు. అందుకే ఇక్కడ పరీక్షల వరుస నీరు నడిచే వరుసను అనుసరిస్తుంది. ఖర్చు లేని పరీక్షలు ముందు, పానాలతో పని తరువాత, మోటారు విప్పడం అన్నిటికంటే చివర.

పంపు నీటిని లాగుతుందని మనం అంటాము గాని, నిజానికి అది తన నోటి దగ్గర ఒత్తిడిని తగ్గిస్తుంది, అంతే. కొలను మీద ఉన్న వాతావరణ పీడనమే నీటిని అటువైపు నెడుతుంది. ఆ పీడనం సముద్రమట్టం దగ్గర సుమారు 1.01 బార్లు, 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో దాదాపు 0.95 బార్లు. ఈ నెట్టుడుకు ఒక హద్దు ఉంది కాబట్టి దారిలో ఎక్కడైనా అడ్డం పడితే పంపు అడిగినంత నీరు అందదు, లోపల ఒత్తిడి మరింత పడిపోతుంది, 30 డిగ్రీల వేడి మాత్రమే ఉన్న నీరు కూడా 0.04 బార్ల దగ్గర మరిగినట్టే ఆవిరి బుడగలు కడుతుంది. ఆ బుడగలు ఇంపెల్లరులో, అంటే నీటిని తోసే రెక్కల చక్రంలో, ఒత్తిడి పెరిగే చోటికి చేరి పగిలినప్పుడు, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వస్తుంది. దీనిని కావిటేషన్ అంటారు. అడ్డం కాకుండా చీలిక ఉంటే కథ వేరుగా నడుస్తుంది: బయటి గాలి లోపలికి దూరి, నీటితో కలిసి గలగలమంటూ పంపులోకి పోతుంది. పంపు నడుస్తుండగా ఈ వైపు చీలికల నుంచి సాధారణంగా నీరు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కాబట్టి నేల తడవలేదు కనుక లీకు లేదు అనే లెక్క ఇక్కడ చెల్లదు.

పని మొదలుపెట్టే ముందు

మొదట కొలనులో ఎవరూ లేరని, పని పూర్తయ్యే వరకు ఎవరూ దిగరని నిర్ధారించుకోండి. మనం చేయబోయే పరీక్షల్లో ఒకటి, నీరు లాగే దారులను ఒక్కొక్కటిగా మూయడం. అప్పుడు పంపు బలమంతా ఒకే జాలీ మీద పడుతుంది. అమెరికాలో 2002లో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల బాలిక వేడినీటి తొట్టి అడుగున ఉన్న డ్రెయిన్ లాగుడుకు చిక్కుకుని మరణించింది. ఆమె పేరిట 2007లో వచ్చిన చట్టం అక్కడి సార్వజనిక కొలనుల్లో డ్రెయిన్ మూతల రూపాన్నే మార్చేసింది. మన దగ్గర పాత కొలనుల్లో చదునైన జాలీలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

రెండోది, పంపు మూత తెరవాల్సిన ప్రతిసారీ స్విచ్ ఆపి ఊరుకోకుండా ఆ లైను కరెంటును తెంచే ఎంసీబీని కూడా దించండి. టైమరు మీద నడిచే పంపు అయితే అది మీ చెయ్యి లోపల ఉండగానే తిరగడం మొదలుపెట్టగలదు. పంపు లైనుకు, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, ఈ మరమ్మతు పూర్తయ్యాక మీరు పిలవవలసిన మొదటి మనిషి ఎలక్ట్రీషియనే.

మూడోది, పంప్ రూము కొలను నీటి మట్టం కంటే కింద ఉందా, పైన ఉందా అన్నది చూసుకోండి. అపార్టుమెంట్లలో అది తరచుగా సెల్లారులో, నీటి మట్టానికి రెండు మూడు మీటర్ల దిగువన ఉంటుంది. అలాంటి చోట లాగే వైపు వాల్వులను, తిరిగి పంపే వైపు వాల్వును మూయకుండా పంపు మూత తెరిస్తే కొలను నీరంతా మీ మీదికి, దానితోపాటు స్టార్టరు బోర్డు మీదికి వస్తుంది. ఫిల్టరు మీది గాలి వదిలే మరను తెరిచి లోపలి ఒత్తిడిని పూర్తిగా దించిన తరువాతే ఏ జాయింటునైనా విప్పండి.

గేజి చెప్పేది, చెవికి వినిపించేది

పంపును ఆపి గేజిని చూడండి. ముల్లు సున్నాకు రావాలి. పంప్ రూము దిగువన ఉంటే మాత్రం ప్రతి మీటరు లోతుకు 0.1 బారు చొప్పున మిగిలి ఉంటుంది, అది దోషం కాదు. ఆపినా, నడిపినా ముల్లు ఒకే చోట నిలబడిపోతే గేజి చచ్చిపోయిందని అర్థం, అప్పటి దాకా మీరు పడిన ఆందోళనలో సగం దానిదే. గేజి మార్చడం కొన్ని వందల రూపాయల పని. అది చేయకుండా మిగతా పరీక్షలకు పోవద్దు.

తరువాత, ‘ప్రెజరు తగ్గింది’ అని మీరు అంటున్నది గేజిని చూసా, లేక కొలనులోకి నీరు చిమ్మే రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసా అన్నది తేల్చుకోండి. ఈ రెంటికీ తేడా చాలా ఉంది. గేజి ఉండేది పంపుకూ ఫిల్టరు ఇసుకకూ మధ్య. ఇసుక మురికితో బిగుసుకుపోతే కొలనులోకి వచ్చే ధార బలహీనమవుతుంది, గేజి మాత్రం పైకి పోతుంది. శుభ్రమైన ఫిల్టరుతో ఉండే అంకె కంటే 0.5 నుంచి 0.7 బార్లు, అంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తే మీకు కావలసింది ఇసుక గుండా నీటిని ఉల్టా పంపి కడిగే బ్యాక్‌వాష్, అంతే. పంపును ఆపి, ఫిల్టరు దగ్గర నీటి దారి మార్చే మల్టీపోర్టు వాల్వు పిడిని బ్యాక్‌వాష్ మీదికి తిప్పి, గాజు గొట్టంలో నీరు తేటపడే వరకు రెండు మూడు నిమిషాలు నడపండి. మళ్లీ ఆపి, రిన్స్ మీద ఒక నిమిషం నడిపి, ఫిల్టరు స్థానానికి తీసుకురండి. పంపు నడుస్తుండగా ఆ పిడిని తిప్పితే లోపలి గ్యాస్కెట్ చిరిగిపోతుంది.

గేజి నిజంగానే కిందికి పడితే, ఎంతకు పడిందో తెలియాలంటే శుభ్రంగా ఉన్నప్పటి అంకె మీ దగ్గర ఉండాలి. చిన్న కొలనుల్లో అది తరచుగా 0.7 నుంచి 1.2 బార్ల మధ్య ఉంటుంది గాని, ప్రతి కొలనుకూ దాని లెక్క దానిదే. ఇంతవరకు ఎవరూ రాసి పెట్టకపోతే, ఈసారి మరమ్మతు ముగిశాక ఫిల్టరు మీద మార్కరుతో రాయండి.

ఇప్పుడు చప్పుడు. గులకరాళ్ల చప్పుడు అడ్డాన్ని సూచిస్తుంది. గొంతు పుక్కిలించినట్టు ఆగి ఆగి వచ్చే గలగల గాలిని సూచిస్తుంది. సన్నగా, ఎడతెగకుండా వచ్చే కీచు బేరింగుల గొంతు. లోతైన గుంయ్‌మనే మోత కరెంటుకు సంబంధించినది. నేలా, గోడా కలిసి అదిరితే ముందు పంపు కాళ్ల బోల్టులు చూడండి. చెవితో తేలకపోతే రెండు చిన్న పరీక్షలు ఉన్నాయి. తిరిగి పంపే వైపు వాల్వును నెమ్మదిగా మూడో వంతు వరకు, ఎంత లేదన్నా సగం మించకుండా మూయండి: ప్రవాహం తగ్గేసరికి చప్పుడు కూడా తగ్గితే అది నీటి చప్పుడు, ఏమీ మారకపోతే అది ఇనుము చప్పుడు. రెండో పరీక్షలో పంపును ఆపి, అది తిరుగుతూ తిరుగుతూ నిలిచిపోయే ఆ కొన్ని క్షణాలు వినండి. ఆపిన వెంటనే మాయమైతే అది కరెంటు మోత; వేగంతోపాటు సన్నబడుతూ చివరి చుట్టు దాకా కీచుమంటే బేరింగు. ఈ రెండు పరీక్షలకు పట్టే సమయం అయిదు నిమిషాలు. మేము బేరింగులు మార్పించిన రోజున ఎవరూ వీటిని చేయలేదు, నాతో సహా.

పారదర్శకమైన మూత: దారి చీలే చోటు

చాలా పంపుల ముందు భాగంలో చెత్తను ఆపే బుట్ట ఉండే కుండకు గాజు లాంటి మూత ఉంటుంది. పంపును నడుపుతూ ఆ మూతలోంచి చూడండి. కుండ నిండా తేటగా నీరు తిరుగుతూ, ఒక్క బుడగ కూడా లేకుండా, అయినా గులకరాళ్ల చప్పుడు వస్తుంటే మీరు వెతకవలసింది అడ్డం. మూత కింద గాలి పొర నిలిచి ఉంటే, నురగలు తిరుగుతుంటే, కొలనులోకి నీరు వచ్చే రంధ్రాల దగ్గర కూడా బుడగలు లేస్తుంటే మీరు వెతకవలసింది గాలి దూరే చోటు. కుండ నిండుగా ఉండి, చప్పుడూ పెద్దగా లేక, గేజి మాత్రమే తక్కువగా ఉంటే ఇంపెల్లరు, మల్టీపోర్టు వాల్వు, మోటారు తిరిగే దిక్కు అనే మూడింటి దగ్గరికి నేరుగా పోవచ్చు.

గాలి దూరుతుంటే

కొలను దగ్గరికి వెళ్లి నీటి మట్టం చూడండి. స్కిమ్మరు (నీటి పైపొరను తేలే చెత్తతో సహా లాగే గోడలోని పెట్టె) ఉన్న కొలనులో నీరు దాని నోటికి సగం ఎత్తున ఉండాలి. ఎండాకాలంలో ఆవిరై, పిల్లల ఎగురుళ్లకు చిమ్మి, మట్టం నాలుగు వేళ్లు దిగితే చాలు, స్కిమ్మరు నీటితోపాటు గాలిని మింగడం మొదలుపెడుతుంది. స్కిమ్మరు లోపల ఊగే చిన్న తలుపు పైకి లేచి ఇరుక్కుంటే మట్టం సరిగానే ఉన్నా లోపల సుడి ఏర్పడి గాలి పోతుంది.

అంచుల మీదుగా నీరు పొర్లి కాలువలోకి జారే ఓవర్‌ఫ్లో కొలనుల్లో స్కిమ్మరు ఉండదు. పంపు నీరు తీసుకునేది బ్యాలెన్సింగ్ ట్యాంకు నుంచి. మన నగరాల్లోని గేటెడ్ కమ్యూనిటీల్లో ఇవి చాలా ఉన్నాయి. ట్యాంకు మూత తీసి, పంపు నడుస్తుండగా లోపలి మట్టం ఎంత దిగుతున్నదో పది నిమిషాలు కనిపెట్టుకుని చూడండి. కొలను నుంచి పొర్లి వచ్చేది తక్కువై, కొత్త నీరు వదిలే ఫ్లోటు వాల్వు సున్నం పట్టి ఇరుక్కుంటే, ట్యాంకు మట్టం గొట్టం నోటి దాకా దిగి అక్కడ సుడి తిరుగుతుంది. గొట్టం నోరు పైకి కనిపించేదాకా ఆగనక్కరలేదు, దాని మీద ఒక జానెడు నీరు ఉండగానే సుడి గాలిని లోపలికి దింపగలదు. బోరు నీటి కఠినత్వం ఎక్కువ ఉన్న చోట్ల ఈ ఫ్లోటు వాల్వును మూడు నెలలకొకసారి చేత్తో కదిలించి చూడటం మంచిది.

మట్టాలు సరిగా ఉంటే పంపు మూత దగ్గరికి రండి. ఎంసీబీ దించి, వాల్వులు మూసి, మూత తీసి, దాని ఓ రింగును, అంటే సందు మూసే రబ్బరు వలయాన్ని, బయటికి తీయండి. గాలి దూరే చోట్లలో మొదట చూడవలసింది ఇదే. రింగును వేళ్ల మధ్య నెమ్మదిగా వంచుతూ చుట్టూ చూడండి: పగుళ్లు కనిపించినా, ఒకవైపు చదునుగా అణిగిపోయినా మార్చేయండి. రింగు కూర్చునే గాడిలో ఒక్క ఇసుక రేణువు, ఒక్క తల వెంట్రుక ఉన్నా గాలికి దారి దొరుకుతుంది కాబట్టి గాడిని తడి గుడ్డతో తుడవండి. కొత్త రింగుకైనా, పాత రింగుకైనా పలుచగా సిలికాన్ గ్రీజు రాయండి. వాజిలిన్, బండి గ్రీజు, కొబ్బరి నూనె వద్దు. పెట్రోలియం గ్రీజులకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, నూనెకు దుమ్ము అంటుకుంటుంది. మూతను చేత్తోనే బిగించండి, పానాతో బిగిస్తే మూత పగులుతుంది.

తరువాత అనుమానించవలసినది గొట్టం పంపు నోట్లోకి మరలతో ఎక్కే జాయింటు. పంపు ఎప్పుడైనా నీరు లేకుండా నడిచి వేడెక్కి ఉంటే, ఆ ప్లాస్టిక్ మరలు మెత్తబడి కుంచించుకుపోయి ఉంటాయి. చూడటానికి బాగానే ఉంటుంది, గాలి మాత్రం పోతూనే ఉంటుంది. పంపును నడుపుతూ షేవింగ్ నురగను గాని, చిక్కటి సబ్బు నురగను గాని ఆ జాయింటు చుట్టూ, యూనియన్ల (విప్పగల గొట్టపు జాయింట్ల) చుట్టూ, వాల్వు పిడుల కాండాల చుట్టూ, కుండ అడుగున నీరు వదిలే చిన్న బిరడాల చుట్టూ పూయండి. గాలి దూరే చోట నురగ లోపలికి పీల్చుకుపోయి గుంట పడుతుంది. నురగ లేకపోతే ఒక్కో జాయింటు మీద మగ్గుతో నీరు పోస్తూ కుండ మూతను చూడమని ఇంకొకరికి చెప్పండి. నీరు పోసినంత సేపు బుడగలు ఆగితే చోటు దొరికినట్టే.

మర జాయింటును విప్పితే పాత టేపంతా గీకేసి, మర బిగిసే దిక్కుగానే కొత్త టెఫ్లాన్ టేపును అయిదారు చుట్లు చుట్టండి. దారం చుట్టి సఫేదా పూయడం ఇనుప గొట్టాలకు పనికొచ్చిన అలవాటు, ప్లాస్టిక్ మరలకు అది నప్పదు. మరలు కుంచించుకుపోయి ఉంటే టేపు ఎంత చుట్టినా లాభం లేదు, ఆ ముక్కను కోసి కొత్తది అతికించాలి. పైపైన ఎమ్‌సీల్ పూసి సరిపెట్టడం గురించి కూడా ఒక మాట: అది నాలుగు రోజులు ఆపుతుంది, అయిదో రోజు నుంచి అసలు చీలిక ఎక్కడుందో కనిపించకుండా చేస్తుంది.

ఇక్కడ కూడా దొరకకపోతే భూమిలోని గొట్టాల వంతు. స్కిమ్మరు, మెయిన్ డ్రెయిన్ (కొలను అడుగు జాలీ), వాక్యూమ్ పాయింటు (అడుగు మురికి లాగే గొట్టం తగిలించే రంధ్రం) అనే మూడు లైన్లకూ విడివిడి వాల్వులు ఉంటే, ఒకసారి ఒకదాన్ని మాత్రమే మూసి రెండు నిమిషాలు కుండను గమనించండి. ఏ లైను మూసినప్పుడు బుడగలు ఆగి గేజి నిలకడగా ఉందో, చీలిక ఆ లైనులో ఉంది. అన్నీ ఒకేసారి మూయవద్దు. నీరు లేని పంపులో, ఇరుసు వెంట నీరు కారకుండా ఆపే సీలు నిమిషాల్లోనే మాడిపోతుంది. చీలిక మట్టిలో ఉందని తేలాక తవ్వకం మొదలుపెట్టకుండా, ఆ లైను రెండు కొసలూ బిగించి ఒత్తిడి పరీక్ష చేసే మనిషిని పిలిపించడమే చవక.

అడ్డం పడితే

కుండ నిండుగా ఉండి గులకరాళ్ల చప్పుడు వస్తుంటే, స్కిమ్మరు బుట్టను, పంపు బుట్టను తీసి కడగండి. బుట్టలు ఖాళీ చేసిన వెంటనే చప్పుడు ఆగిపోతే మీ పని అయిపోయింది. ఆగకపోతే పంపు బుట్టను తీసి పక్కన పెట్టి, ఎంసీబీ దించి ఉందని మరోసారి చూసుకుని, కుండ వెనక గోడలో ఉన్న రంధ్రంలోకి వేలు పెట్టి ఇంపెల్లరు కన్నును, అంటే నీరు లోపలికి పోయే నడిమి రంధ్రాన్ని, తడమండి. బుట్ట రంధ్రాలను దాటిపోగల సన్నని చెత్త అక్కడే చేరుతుంది. మన ప్రాంతంలో ఇందులో మొదటి నేరస్థురాలు చింతాకు. కొలను పక్కన చింత చెట్టు ఉంటే ఏ బుట్టా దాన్ని పూర్తిగా ఆపలేదు. ఉగాది ముందు తరువాత వేప పువ్వూ దాని సన్నని ఈనెలూ వస్తాయి. ఏడాది పొడుగునా వచ్చేది తల వెంట్రుకలు. కొస వంచిన సన్నని తీగతో, ఇంపెల్లరును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక్కో రెక్క సందునూ శుభ్రం చేయండి. మాకు ఒకసారి ఇందులోంచి చాక్లెట్ కాగితం ముక్క ఒకటి వచ్చింది, అది పోయాక గేజి 0.3 బార్లు లేచింది.

అప్పటికీ తేడా లేకపోతే పంపు ముందు భాగంలో నీరు వదిలే బిరడా స్థానంలో ఒక వాక్యూమ్ గేజిని బిగించి చూడటం మంచి ఉపాయం. కొలను పనులు చేసే మెకానిక్‌లలో దీన్ని వాడేవారు తక్కువ. మోత వచ్చే సమయంలో వాక్యూమ్ మామూలు కంటే ఎక్కువ చూపిస్తే గొట్టంలో అడ్డం ఉంది. తక్కువ చూపిస్తే గాలి దూరుతున్నది, లేదా ఇంపెల్లరే సరిగా పనిచేయడం లేదు. అడ్డం గొట్టంలో ఉంటే, సగం మూసి ఉండిపోయిన వాల్వులు, లోపల పిడి విరిగి బయటి పిడి మాత్రమే తిరిగే వాల్వులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మోత కొత్తది కాదు, పంపు మార్చిన రోజు నుంచే ఉంది అంటే ఇంకో కారణం ఉంది. నీరు లాగే గొట్టంలో వేగం సెకనుకు సుమారు 1.5 నుంచి 1.8 మీటర్లు దాటకూడదన్నది కొలనుల పనిలో వాడుకలో ఉన్న లెక్క. 63 మి.మీ. గొట్టంలో ఆ వేగానికి గంటకు 14 నుంచి 16 ఘనపు మీటర్ల నీరు వస్తుంది, 50 మి.మీ. గొట్టంలో పది కంటే ఎక్కువ రాదు. పాత 1 హెచ్‌పీ పంపు తీసి, ‘పెద్దది పెడితే నీళ్లు బాగా తేటపడతాయి’ అని 2 హెచ్‌పీ పంపును అదే 50 మి.మీ. గొట్టానికి తగిలిస్తే, సన్న స్ట్రాతో చిక్కటి మజ్జిగ పీల్చినట్టు ఉంటుంది. దీనికి మరమ్మతు లేదు. చిన్న పంపుకు తిరిగి వెళ్లాలి, లేదా గొట్టం మార్చాలి.

గేజి తక్కువ, చప్పుడు లేదు

మల్టీపోర్టు వాల్వు పిడి రెండు స్థానాల మధ్య నిలిచిపోయిందేమో చూడండి. సరిగా ఫిల్టరు మీదే ఉన్నా, లోపలి చక్రాకారపు గ్యాస్కెట్ చిరిగితే నీటిలో కొంత భాగం మురుగు గొట్టంలోకి జారిపోతుంది: కొలను మట్టం కారణం లేకుండా తగ్గుతుంది, మురుగు గొట్టం కొసన సన్నని ధార ఆగకుండా కారుతుంది. ఆ గ్యాస్కెట్ విడిగా దొరుకుతుంది, వాల్వు అంతా మార్చనక్కరలేదు.

మూడు ఫేజుల మోటారు అయితే, భవనంలో ఇటీవల ప్యానెల్ పనో, ట్రాన్స్‌ఫార్మరు పనో, జనరేటర్ మార్పిడో జరిగిందా అని అడగండి. రెండు ఫేజులు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. ఉల్టా తిరిగినా ఇలాంటి పంపు కొంత నీరు తోస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, గేజి మాత్రం తక్కువగా ఉంటుంది. పంపు మీద వేసిన బాణం గుర్తునూ, వెనక ఫ్యాను తిరిగే దిక్కునూ పోల్చండి. మరతో బిగించిన ఇంపెల్లరు ఉల్టా తిరిగితే ఊడే ప్రమాదం ఉంది, అందుకని వెంటనే ఆపి, ఏవైనా రెండు ఫేజు తీగలను ఎలక్ట్రీషియన్ చేత మార్పించండి.

సింగిల్ ఫేజు మోటారు గుంయ్‌మని తిరగకుండా ఆగిపోతే కెపాసిటర్ పోయి ఉండవచ్చు. కరెంటు తీసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది, దాని తీగలను ఊరికే పట్టుకోవద్దు. తిరుగుతూనే బరువుగా మోగి వేడెక్కుతుంటే, నడుస్తున్నప్పుడు మోటారు దగ్గరే వోల్టేజి కొలిపించండి. ఫామ్‌హౌసుల్లో మీటరు నుంచి పంపు దాకా సన్నని కేబులు వంద మీటర్లు లాగడం మామూలు, 230 వోల్టులు రావలసిన చోట 195 మాత్రమే చేరుతుంటాయి. ఆ లెక్కకు మోటారును తిట్టి లాభం లేదు.

అమెరికాలో ఇల్లు కొనుక్కుని పెరటి కొలనును చూసుకుంటున్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ 2021 జూలై నుంచి అమలైన సామర్థ్య నిబంధనల తరువాత వేగం మార్చుకునే పంపులే ఎక్కువయ్యాయి. ప్రెజరు వేగానికి వర్గంగా మారుతుంది, అంటే వేగం సగమైతే ప్రెజరు నాలుగో వంతుకు పడుతుంది. రాత్రి తక్కువ వేగంలో గేజి దాదాపు పడుకుని కనిపించడం దోషం కాదు. పాత అంకెతో పోల్చేటప్పుడు వేగం కూడా అదే ఉండాలి. ఇదే లెక్క ప్రకారం, అక్కడి 60 హెర్ట్‌జ్ మామూలు పంపును ముచ్చటపడి ఇక్కడికి తెచ్చి, వోల్టేజి సరిపోయిందని 50 హెర్ట్‌జ్ మీద నడిపితే దాని ప్రెజరులో దాదాపు 30 శాతం పోతుంది.

నిజంగా మోటారే అయితే

నీటి దారి అంతా నిర్దోషి అని తేలి, కీచు మాత్రం మిగిలితే, పంపుకూ మోటారుకూ మధ్య ఉన్న సందులోకి టార్చి వేసి చూడండి. అక్కడ నీటి చుక్కలు గాని, తెల్లని ఉప్పు చారికలు గాని ఉంటే మెకానికల్ సీలు పోయింది, దాని నీరే ముందువైపు బేరింగులోకి దిగి తుప్పు పట్టించింది. ఇలాంటప్పుడు బేరింగులు మాత్రమే మార్పిస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే కీచు వస్తుంది. సీలునూ, రెండు బేరింగులనూ కలిపి మార్చమని ముందే చెప్పండి. బేరింగు అంచు మీద 6203, 6204 వంటి అంకె చెక్కి ఉంటుంది, కొత్తది కొనేటప్పుడు అదే అంకె ఉండాలి; మొదటిదానికి లోపలి రంధ్రం 17 మి.మీ., రెండోదానికి 20 మి.మీ. కొత్త సీలులో నునుపైన రెండు ముఖాలను వేళ్లతో ముట్టుకోనివ్వకండి. చేతి జిడ్డు అంటినా, ఒక గీత పడినా అది మొదటి రోజు నుంచే కారుతుంది. రబ్బరు భాగం జారడానికి సబ్బు నీరు చాలు. ఈ పని చేసి అలవాటు లేకపోతే మెకానిక్‌కే వదిలేయండి, కానీ తీసేసిన పాత సీలునూ బేరింగులనూ అడిగి తీసుకుని చూడండి.

తిరిగి నడిపేటప్పుడు కుండను నీటితో నింపి, మూత బిగించి, లాగే వైపూ పంపే వైపూ వాల్వులు తెరిచారని చూసుకుని, ఫిల్టరు మీది గాలి మరను కొద్దిగా వదులు చేసి, స్విచ్ వేశాక ఫిల్టరుకు బాగా ఎడంగా నిలబడండి. ట్యాంకులో చిక్కుకున్న గాలి అణిగి ఉన్నప్పుడు పై బిగింపు ఊడితే అది తుపాకీ గుండు లాంటిదే. గాలి పోయి నీటి ధార నిలకడగా వచ్చాక మరను బిగించండి. మూడు నాలుగు నిమిషాల్లో కుండలోకి నీరు ఎక్కకపోతే ఆపి, మూత ఓ రింగు దగ్గర నుంచి మళ్లీ చూడండి. ఎక్కితే గంట నడిచాక గేజి అంకెను తేదీతో సహా ఫిల్టరు మీద రాసి, మర్నాడు పొద్దున పంపు వేయకముందే టార్చి పట్టుకుని ఒకసారి వెళ్లండి. పంప్ రూము దిగువన ఉంటే విప్పి బిగించిన ప్రతి జాయింటు కింద నేలను తడిమి చూడండి, పైన ఉంటే మూతలోంచి కుండలో నీరు రాత్రి ఉన్నంతే ఉందా అని చూడండి. నేల తడిగా ఉన్నా, కుండ సగానికి దిగినా, గాలి దూరే చోటు ఇంకొకటి మిగిలి ఉంది.